గ్రాఫు కింద రాసిన సమయం ఎవరి గడియారానిది?

సంపాదకులు గారికి నమస్కారములు.

వానాకాలం వచ్చిందంటే కృష్ణా ప్రవాహాన్నీ, జలాశయాల నీటిమట్టాలనూ, వర్షపాతాన్నీ చూపే గ్రాఫులు పత్రికల్లోనూ టీవీల్లోనూ చేతిలోని ఫోన్లలోనూ ప్రతిరోజూ కనిపిస్తాయి. 30 ఏళ్లకు పైగా విజయవాడలో డిగ్రీ విద్యార్థులకు గణాంకశాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ చేసిన నాకు, అంకెల పట్టికలు గీతలుగా మారి ఇంటింటికీ చేరడం ఎంతో ఆనందం కలిగించే విషయం. అయితే ఆ గీతల అడుగున, కాలాన్ని చూపే అడ్డ అక్షం మీద, సాఫ్ట్‌వేర్ తనంతట తాను ముద్రించే తేదీలూ గంటలూ చదువరిని తరచుగా తప్పుదారి పట్టిస్తున్నాయి. పైన గీసిన గీత సరైనదే అయి ఉండవచ్చు, దాని వెనుక ఉన్న అంకె కూడా సరైనదే అయి ఉండవచ్చు, అయినా అది ఏ రోజుది, ఏ గంటది అన్న మాట తప్పితే ఆ రెండు సరైన విషయాలూ కలిసి ఒక అబద్ధాన్ని చెబుతాయి. ఈ సంగతిని మీ పాఠకుల దృష్టికీ, మన ఊళ్లలో ఇలాంటి సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్న యువ ఇంజనీర్ల దృష్టికీ తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

మన నగరం మరచిపోలేని ఉదాహరణతోనే మొదలుపెడతాను. 2024 ఆగస్టు 31, శనివారం నాడు విజయవాడలో కుండపోతగా వాన కురిసింది. మరునాడు, సెప్టెంబరు 1 ఆదివారం, బుడమేరు నీళ్లు సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లను ముంచెత్తాయి. సెప్టెంబరు 2 సోమవారం ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కులతో పరవళ్లు తొక్కింది. వాన ముందు, బుడమేరు తరువాత, కృష్ణ ఆ తరువాత అన్నది ఆ మూడు రోజులూ ఇక్కడ గడిపిన వారెవరికీ ఒకరు చెప్పనక్కరలేని క్రమం. ఆ తరువాత కొన్నాళ్లకు, వర్షపాతాన్ని నిలువు కడ్డీలుగానూ నీటి ప్రవాహాన్ని గీతగానూ ఒకే అక్షం మీద గీసిన ఒక గ్రాఫు నా ఫోనుకు వచ్చింది. అందులో పెద్ద వాన కడ్డీ సెప్టెంబరు 1 మీద నిలబడి ఉంది. దానిని నమ్మితే వాన, వరద ఒకే రోజున కలిసి వచ్చాయనీ, మధ్యలో ఎవరూ ఏమీ చేయడానికి వ్యవధే లేదనీ అనుకోవలసి వస్తుంది.

ఆ గ్రాఫు గీసినవారు అంకెలను కల్పించలేదు. భారత వాతావరణ శాఖ ఒక తేదీతో ఇచ్చే రోజువారీ వర్షపాతం అంటే, ముందు రోజు ఉదయం 8:30 నుంచి ఆ తేదీ ఉదయం 8:30 వరకు కురిసిన వాన మొత్తం. అంటే సెప్టెంబరు 1 తేదీతో ఉన్న అంకెలో 15 గంటల 30 నిమిషాలు ఆగస్టు 31వే, సెప్టెంబరు 1కి చెందినవి 8 గంటల 30 నిమిషాలు మాత్రమే. వాతావరణ శాఖలో పనిచేసేవారికి ఇది ఓనమాల్లో మాట. ప్రపంచమంతటా వాతావరణ పరిశీలనలు ఇంగ్లండులోని గ్రీనిచ్ గడియారం లెక్కన 3 గంటలకొకసారి జరుగుతాయి కనుక, అక్కడి 3 గంటలు మనకు 8:30 కావడం వల్ల ఈ పద్ధతి ఏర్పడింది. కానీ ఆ అంకె పట్టికలోకి ఎక్కేటప్పుడు దానితో పాటు వెళ్లేది తేదీ ఒక్కటే. ఏ గంటకు ముగిసిన రోజు అన్న మాట వెనుకనే ఉండిపోతుంది. సాఫ్ట్‌వేర్ ఆ తేదీని చూసి, రోజు అంటే అర్ధరాత్రి మొదలై అర్ధరాత్రి ముగిసేదే అనుకుని, కడ్డీని సెప్టెంబరు 1 అర్ధరాత్రి దగ్గర మొదలుపెడుతుంది. అక్కడికే వాన 15 గంటల 30 నిమిషాలు ఆలస్యమయింది.

విషయం అంతటితో ఆగదు. వెబ్ పేజీల్లో గ్రాఫులు గీయడానికి ఎక్కువగా వాడే జావాస్క్రిప్ట్ భాషలో, సంవత్సరం, నెల, రోజు అన్న వరుసలో గీతలతో విడదీసి తేదీ మాత్రమే ఇస్తే, అది గ్రీనిచ్ అర్ధరాత్రిగా లెక్కలోకి వస్తుంది. ఆ క్షణం మన గడియారంలో తెల్లవారుజామున 5:30. ప్రవాహాన్ని చూపే గీత మన కాలమానంలోనే ఉండి, వాన కడ్డీ మాత్రం ఇలా లెక్కలోకి వస్తే, ఆగస్టు 31 ఉదయం 8:30కి మొదలుకావలసిన కడ్డీ సెప్టెంబరు 1 ఉదయం 5:30కి మొదలవుతుంది. అంటే మొత్తం 21 గంటలు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటిలో కలిసే బుడమేరు వంటి చిన్న ఏరుకు, పైన వాన పడ్డాక దిగువన నీరు చేరడానికి ఎంతసేపు పడుతుందన్నదే ప్రాణాలను కాపాడే లెక్క. ఆ లెక్కను గ్రాఫు చూసి నేర్చుకోబోయే ఇంజనీరింగ్ విద్యార్థికి 21 గంటల తేడా అంటే అసలు విషయమంతా చేజారినట్టే. ఆ విద్యార్థి అజాగ్రత్తగా ఉన్నాడని అనడానికి లేదు. కడ్డీ కింద తేదీ స్పష్టంగా రాసి ఉంది, అతడు దానినే చదివాడు.

ఇంతకూ తేదీ అన్నది ఒక క్షణానికి పేరా, లేక 24 గంటల నిడివికి పేరా? మాటల్లో మనకు ఈ తికమక రాదు. ‘ఆదివారం వెళ్లాను’ అంటే ఆ రోజులో ఎప్పుడో వెళ్లానని అర్థం, ‘ఆదివారం పొద్దున ఆరింటికి వెళ్లాను’ అంటే ఒక నిర్దిష్ట సమయం. గ్రాఫు గీసే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఈ తేడా లేదు. అర్ధరాత్రి దగ్గర ఒక గుర్తు గీత గీసి, సరిగ్గా దాని కిందనే ‘ఆదివారం’ అని రాస్తాయి. ఆ గీతకు ఎడమ పక్కన ఉన్నది శనివారం రాత్రి, కుడి పక్కన ఉన్నది ఆదివారం తెల్లవారుజాము. పేరు మాత్రం రెండింటికీ నడుమ ఉంటుంది. శనివారం రాత్రి 8 గంటలకు ఒక శిఖరం కనిపించిందనుకుందాం. అది ‘ఆదివారం’ అన్న అక్షరాలకు 4 గంటల దూరంలోనూ, ‘శనివారం’ అన్న అక్షరాలకు 20 గంటల దూరంలోనూ ఉంటుంది. మనిషి కన్ను దగ్గరగా ఉన్న పేరునే పట్టుకుంటుంది కనుక, చూసిన పదిమందిలో ఎక్కువమంది దానిని ఆదివారపు శిఖరమనే చెబుతారు. నేను తరగతిలో ఇలాంటి బొమ్మను నల్లబల్ల మీద గీసి అడిగినప్పుడల్లా తెలివైన పిల్లలు కూడా అలాగే చెప్పేవారు.

దీనికి విరుగుడు ఎప్పటినుంచో ఉంది. కంప్యూటర్ నెట్‌వర్కుల నిర్వహణలో ఉన్నవారికి తెలిసిన ఆర్ఆర్‌డీటూల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో, అడ్డ అక్షం కింద రాసే పేరు ఎంత నిడివికి చెందుతుందో చెప్పడానికి ఒక ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది. 24 గంటలని చెబితే, పేరును ఆ రెండు అర్ధరాత్రి గీతల నడుమ సరిగ్గా మధ్యలో రాస్తుంది. సున్నా అని చెబితే గుర్తు గీత కిందనే రాస్తుంది. ఇది తెలిసి ఎన్నుకోవలసిన విషయమని ఆ సాఫ్ట్‌వేర్ రాసినవారు గ్రహించారు. గంటను రాసేటప్పుడు గీత కింద రాయడం సబబు, రోజునూ వారాన్నీ నెలనూ రాసేటప్పుడు గీతల నడుమ రాయడం సబబు. గోడకు తగిలించుకునే క్యాలెండర్‌లో తేదీ గడి మధ్యలో ఉంటుందే తప్ప, రెండు గడుల మధ్య గీత మీద ఉండదు. ఇంత చిన్న మాట కొత్తగా వచ్చిన అనేక సాఫ్ట్‌వేర్లలో మళ్లీ మరుగున పడడం నాకు బాధగా ఉంది.

గడియారం ఎవరిదన్న ప్రశ్న నా ఇంటి ముంగిటికే వచ్చిన సంగతి చెప్పక తప్పదు. మా అపార్ట్‌మెంట్ సంఘం రెండేళ్ల క్రితం పైనున్న నీళ్ల ట్యాంకుకు నీటిమట్టం కొలిచే ఒక సెన్సార్ పెట్టించింది. ట్యాంకు ఎప్పుడు నిండిందో, ఎప్పుడు తగ్గిందో ఫోనులో గ్రాఫుగా కనిపిస్తుంది. మా వాచ్‌మన్ రోజూ ఉదయం 6 గంటలకూ, సాయంత్రం 4 గంటలకూ మోటారు వేయాలన్నది నియమం. గ్రాఫులో మాత్రం నీరు ఎక్కడం అర్ధరాత్రి దాటాక 12:30కీ, పగలు 10:30కీ కనిపించేది. చెప్పిన వేళల్లో వేయకుండా తనకు ఇష్టమైనప్పుడు మోటారు వేస్తున్నాడనీ, అర్ధరాత్రి వేసి నిద్రపోవడం వల్లనే ట్యాంకు పొంగి నీళ్లు పోతున్నాయనీ సంఘం సమావేశంలో అతడిని నిలదీశారు. ‘ఆరింటికే వేస్తున్నాను సార్, కావాలంటే మీరే వచ్చి చూడండి’ అని అతడు ఎంత మొత్తుకున్నా, ఎవరి ఫోనులో చూసినా అదే గ్రాఫు ఉండడం వల్ల ఆ మాటకు విలువ లేకపోయింది. ఆ ఏడు అతడికి ఇవ్వవలసిన దసరా మామూలు ఆపాలని తీర్మానం చేశారు. గణాంకశాస్త్రం తెలిసినవాడినని నా అభిప్రాయం అడిగితే, కొలతను కాదనలేమని నేను కూడా ఆ తీర్మానం మీద సంతకం చేశాను.

తరువాత ఒక ఆదివారం ట్యాంకు కడిగించారు. ఉదయం 10 గంటలకు నేను స్వయంగా డాబా మీద నిలబడి ఉండగానే నీళ్లు వదిలారు. మధ్యాహ్నం గ్రాఫు తెరిస్తే, ట్యాంకు తెల్లవారుజామున 4:30కి ఖాళీ అయినట్టు ఉంది. 10 గంటలకూ 4:30కీ మధ్య ఉన్న 5 గంటల 30 నిమిషాలను చూడగానే నాకు విషయం అర్థమయింది. ఆ గ్రాఫు మొదటి రోజు నుంచీ గ్రీనిచ్ గడియారంలో నడుస్తోంది. 12:30 అన్నది మన 6 గంటలు, 10:30 అన్నది మన సాయంత్రం 4 గంటలు. వాచ్‌మన్ ఒక్క రోజు కూడా వేళ తప్పలేదు. నీళ్లు పొంగడానికి కారణం ఫ్లోట్ వాల్వ్ పాడవడమని ప్లంబర్ వచ్చి చూశాక తేలింది. అతడి డబ్బు అతడికి ఇప్పించి, అందరి ముందూ క్షమాపణ చెప్పాను. కానీ రెండు నెలలపాటు ఒక నిజాయితీపరుడు మా అందరి చూపులోనూ అబద్ధాలకోరుగా ఉండిపోయాడు, దానిని నేను తిరిగి ఇవ్వలేను. ఆ అక్షం చివర ‘గ్రీనిచ్ కాలమానం’ అన్న రెండు మాటలు ఉండి ఉంటే ఇది జరిగేది కాదు. ఆ పరికరం అమ్మినవారికి ఫోను చేస్తే, అమరికల్లోకి వెళ్లి మార్చుకోవచ్చని చెప్పారు. మార్చుకోవలసినది ఒకటి ఉందని తెలియనివాడు ఏ అమరికల్లోకి వెళతాడు?

సమయాన్ని లోపల ఒకే గడియారంలో దాచుకోవడాన్ని నేను తప్పుపట్టడం లేదు. దేశదేశాల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే అది అవసరం. చాలా కంప్యూటర్లు 1970 జనవరి 1 గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్లను లెక్కపెట్టుకుంటూ కాలాన్ని గుర్తుంచుకుంటాయి. చిక్కు వచ్చేది ఆ సెకన్లను రోజులుగా విడగొట్టే చోట. రోజుకు 86,400 సెకన్ల చొప్పున భాగిస్తే వచ్చే రోజు మన అర్ధరాత్రికి మొదలవదు, ఉదయం 5:30కి మొదలవుతుంది. సమాచారాన్ని దాచి వెదకడానికి వాడే ఎలాస్టిక్‌సెర్చ్ వంటి పేరున్న సాఫ్ట్‌వేర్‌లో కూడా రోజువారీ లెక్క కట్టమంటే, ఏ కాలమానమో ప్రత్యేకంగా చెప్పనంతవరకు అది గ్రీనిచ్ రోజునే తీసుకుంటుంది. గ్రాఫులు గీసి చూపే గ్రఫానా వంటి మరికొన్ని సాఫ్ట్‌వేర్లు, మామూలుగా చూసేవాడి బ్రౌజర్ గడియారాన్ని బట్టి అక్షం మీద గంటలు రాస్తాయి. అందువల్ల అమెరికాలో ఉన్న అబ్బాయి, విజయవాడలో ఉన్న తండ్రి ఒకే గ్రాఫును తెరిచి, ఒకే శిఖరాన్ని చూస్తూ, ఫోనులో రెండు వేర్వేరు సమయాలు చెప్పుకొంటారు. ఇద్దరి తెరల మీదా కాలమానం పేరు ఉండదు.

మన అరగంట సంగతి మరీ ప్రత్యేకం. 1906 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన భారత ప్రామాణిక కాలమానం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరిస్తుంది. ఆ రేఖ మన కాకినాడకు సమీపంగానే పోతుంది. గ్రీనిచ్ నుంచి మన తేడా నిండు గంటల్లో కాక 5 గంటల 30 నిమిషాలు కావడం ఇందువల్లనే. నిండు గంటల తేడా ఉన్న దేశాల్లో, గంటవారీ లెక్కలు గ్రీనిచ్ గంటల్లో కట్టినా అక్కడి గంటలతో సరిపోతాయి, పేరు మాత్రమే మారుతుంది. మన దగ్గర అలా కట్టిన గంట 5:30కి మొదలై 6:30కి ముగుస్తుంది. అక్షం మీద చోటు చాలదని నిమిషాలు వదిలేసి ‘5’, ‘6’, ‘7’ అని మాత్రమే రాసే సాఫ్ట్‌వేర్ దానిని ‘5’ అంటుంది. చదివేవాడు 5 నుంచి 6 వరకు అనుకుంటాడు. సాయంత్రం కరెంటు వాడకం ఎప్పుడు పెరుగుతోంది, ఆసుపత్రికి అత్యవసర కేసులు ఏ గంటలో ఎక్కువగా వస్తున్నాయి అన్న ప్రశ్నలకు అరగంట చిన్న తేడా కాదు. ఎక్కడో నిండు గంటల తేడాతో బతికేవారు రాసి పరీక్షించిన సాఫ్ట్‌వేర్‌లో ఈ లోపం బయటపడకపోవడం సహజం. దానిని కనిపెట్టి చెప్పవలసినవాళ్లం మనమే.

అక్షం మీద రాసే మాట చెప్పకుండా వదిలేసే మరో సంగతి, ఒక చుక్క ఎంత కాలానికి ప్రతినిధి అన్నది. ప్రకాశం బ్యారేజీ వద్ద 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షల క్యూసెక్కులకు రెండో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. లెక్క కోసం ఒక రోజున 18 గంటలు 4 లక్షల క్యూసెక్కులు, 6 గంటలు 11 లక్షల క్యూసెక్కులు పారాయనుకుందాం. ఆ రోజు సగటు 5.75 లక్షలు. అంటే ఊరిని వణికించిన 6 గంటల ప్రవాహం, రోజువారీ గ్రాఫులో రెండో హెచ్చరికను ఏదో అంటీ అంటనట్టు దాటిన చిన్న గుబ్బగా మిగులుతుంది. ఒక రోజు గ్రాఫును వెనక్కి జరుపుతూ నెలకూ, ఏడాదికీ పోయినకొద్దీ, తెర మీద చోటు చాలక సాఫ్ట్‌వేర్ చాలా కొలతలను కలిపి సగటు చేస్తుంది, శిఖరాలు కుంగిపోతాయి. పక్కన నిలువు అక్షం మీద మాత్రం మొదట ఉన్నట్టే ‘ప్రవాహం, క్యూసెక్కులు’ అని ఉంటుంది. అది ఇప్పుడు ప్రవాహం కాదు, ప్రవాహపు సగటు. సగటుతో పాటు గరిష్ఠాన్ని కూడా దాచుకునే వీలు నేను పైన చెప్పిన ఆర్ఆర్‌డీటూల్‌లోనే ఉంది, వాడుకునేవారు తక్కువ. వరద విషయంలో సగటు మాత్రమే చూపి ఆ మాట రాయకపోవడం ప్రమాదకరమని నా దృఢమైన అభిప్రాయం. ఆనకట్ట గేట్ల మీద నుంచి సగటు నీరు పారదు, ఆ క్షణాన వచ్చిన నీరు పారుతుంది.

కార్యాలయాల్లో అందరూ వాడే ఎక్సెల్ గురించి కూడా కొంచెం చెప్పాలి. అమెరికా పద్ధతిలో అమర్చి ఉన్న కంప్యూటరులో 05/09/2024 అని కొడితే అది సెప్టెంబరు 5 కాదు, మే 9 అవుతుంది. రోహిణి కార్తెకు ముందు ఎండల్లో కృష్ణకు వరద వచ్చినట్టు గ్రాఫు గీస్తుంది. 13/09/2024 అని కొడితే 13వ నెల లేదు కనుక దానిని తేదీగా గుర్తించక మామూలు అక్షరాలుగా ఉంచేస్తుంది. ఇలా సగం తేదీలు, సగం అక్షరాలు అయిన వరుసతో గ్రాఫు గీస్తే, ఒక్క రోజు ఎడం ఉన్న కొలతలూ, పది రోజుల ఎడం ఉన్న కొలతలూ సమానమైన దూరంలో నిలబడే అవకాశం ఉంది. అప్పుడు నెమ్మదిగా పెరిగిన నీరు ఒక్కసారిగా పెరిగినట్టూ, ఒక్కసారిగా పెరిగినది నెమ్మదిగా పెరిగినట్టూ కనిపిస్తుంది. ఎక్సెల్‌లోని తేదీ అక్షానికి రోజు కన్నా చిన్న కొలమానం లేదు, కనుక గంటవారీ కొలతలన్నీ ఒకే నిలువు గీత మీద పేరుకుపోతాయి. దానిని తప్పించుకోవడానికి చుక్కల గ్రాఫు ఎన్నుకుంటే, రోజును ఐదో వంతుల లెక్కన విడగొట్టి 4:48, 9:36, 14:24, 19:12 అని గుర్తులు పెడుతుంది. ఏ మనిషీ తన రోజును 4 గంటల 48 నిమిషాల భాగాలుగా ఆలోచించడు. ఇవన్నీ చేత్తో సరిచేసుకోవచ్చు, కానీ సాయంత్రంలోగా నివేదిక పంపవలసిన గుమాస్తాకు అంత తీరిక ఎక్కడిది?

నిలువు అక్షం సున్నా నుంచి మొదలుకాకపోతే మోసమేనని చాలామంది రాస్తుంటారు. నేను ఆ మాటను పూర్తిగా ఒప్పుకోను. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, శ్రీశైలం 885 అడుగులు. వాటిని సున్నా నుంచి గీస్తే నెలంతా ఒకే అడ్డగీత తప్ప మరేమీ కనిపించదు, అక్కడ ఒక్క అడుగు కూడా ఎంతో నీటికి లెక్క. కడ్డీల గ్రాఫుకు సున్నా తప్పనిసరి, ఎందుకంటే అక్కడ కడ్డీ పొడవే విలువ. గీతల గ్రాఫుకు కావలసింది ఎక్కడి నుంచి మొదలయిందో స్పష్టంగా రాయడం. ఈ విషయంలో నాకు ఎక్కువ బాధ కలిగించేది విలువల పొట్టి గుర్తులు. ‘400 కె’ అంటే 4 లక్షలనీ, ‘1.1 ఎం’ అంటే 11 లక్షలనీ మనసులో మార్చుకుంటూ చదవాలి. పైగా ఆర్ఆర్‌డీటూల్ వంటివాటిలో ఇంగ్లీషు చిన్న అక్షరం ‘ఎం’ (m) వెయ్యో వంతుకు, పెద్ద అక్షరం ‘ఎం’ (M) పది లక్షలకు గుర్తు. సగం యూనిట్‌ను అది ‘500 ఎం’ అని చిన్న అక్షరంతో రాస్తుంది, చూసినవారు 50 కోట్లు అనుకుని కంగారు పడతారు. తాను రాసే మంచి పద్ధతిని ఇంకొక చోట తానే చెడగొట్టుకోవడం ఏ సాఫ్ట్‌వేర్‌కైనా ఉంటుంది. మన లక్షలు, కోట్లు అక్షం మీద నేరుగా రాసుకోవడం సాంకేతికంగా కష్టమైన పని కాదు.

మన బడుల్లో పదో తరగతి పిల్లవాడు గ్రాఫు కాగితం మీద ఎంత అందంగా గీసినా, పైన ఒక మూల ‘స్కేలు: ఎక్స్ అక్షంపై 1 సెం.మీ. = 1 యూనిట్’ అని రాయకపోతే మార్కు తగ్గిస్తాం. అది పిల్లవాడిని వేధించడానికి కాదు, గీత చూసేవాడికి దాని కొలత తెలియాలన్న నియమం వాడికి చేతివేళ్లలో నాటుకోవాలని. అదే పిల్లవాడు ఇంజనీరింగ్ చదివి, మంగళగిరిలోనో హైదరాబాదులోనో ఉద్యోగంలో చేరి, లక్షలమంది చూసే గ్రాఫును తయారుచేసేటప్పుడు ఆ మూలన రాయవలసిన మాటను వదిలేస్తున్నాడు. అతడిని అడిగితే, సాఫ్ట్‌వేర్ అలాగే ఇస్తుందండీ అంటాడు. సాఫ్ట్‌వేర్ అలా ఇచ్చినా, కాలమానాన్ని ‘ఆసియా/కోల్‌కతా’గా (సాఫ్ట్‌వేర్లలో మన కాలమానానికి ఉన్న పేరు అది) పెట్టడానికి దాదాపు అన్నింటిలోనూ ఒకే ఒక్క వరుస చాలు. రోజువారీ లెక్కను అదే కాలమానంలో కట్టమనడానికి మరొక వరుస. అక్షం చివర ‘భారత కాలమానం’ అని రాయడానికి ఇంకొకటి. ఇవి పని ముగిశాక తీరికగా చేర్చుకునే అలంకారాలని అనుకోకుండా, గ్రాఫును జనం ముందు పెట్టకమునుపే పూర్తి చేయవలసిన పనిగా చూడమని ఆ యువకులను కోరుతున్నాను. కళాశాలల్లో ప్రాజెక్టులు పరిశీలించే నా తోటి అధ్యాపకులు కూడా, తెర మీద గీతలు ఎంత రంగురంగులుగా ఉన్నాయన్నది చూడడానికి ముందు, ఈ గంట ఎవరి గంట, ఈ రోజు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది అని అడగాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. జలాశయాల నీటిమట్టాలను మీరు పట్టికగా వేసేటప్పుడు ‘ఉదయం 6 గంటలకు’ అని రాయడం నేను ఎన్నో ఏళ్లుగా గమనిస్తున్నాను, ఆ జాగ్రత్త మెచ్చుకోదగినది. అదే సమాచారం గ్రాఫుగా మారినప్పుడు ఆ మాట జారిపోతోంది. గ్రాఫు కింద ఒకే ఒక్క వరుస ఉంటే చాలు: చుక్కలు ఆ సమయానికి తీసిన కొలతలా, లేక రోజు సగటులా, వర్షపాతమైతే ఉదయం 8:30కి ముగిసిన 24 గంటలదా, సమయం భారత కాలమానమేనా. విదేశీ సంస్థల నుంచి తుపాను గ్రాఫులు తీసుకుని వేసేటప్పుడు ఈ చివరి మాట మరీ అవసరం. అక్కడ గ్రీనిచ్ లెక్కన అర్ధరాత్రి అని రాసి ఉన్నది మన కోస్తా మత్స్యకారుడికి తెల్లవారుజామున 5:30, పడవ మీద వేటకు బయలుదేరే వేళ.

మా అపార్ట్‌మెంట్ గ్రాఫు ఇప్పుడు మన గడియారంలోనే నడుస్తోంది. అక్షం కింద ‘భారత కాలమానం’ అన్న మాట మాత్రం ఆ సాఫ్ట్‌వేర్‌లో చేర్చే వీలు లేకపోయింది, కనుక దానిని ఒక కాగితం మీద రాసి మోటారు గది తలుపుకు అతికించాం.

ఇట్లు,
ఒక విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు,
మొగల్రాజపురం, విజయవాడ.